బాలల గదిలో ప్రయోగశాల: డాక్టర్ మరియా మాంటిస్సోరి జీవితం

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికకు ఒక మహనీయుల జీవితాన్ని గురించి వ్రాయవలసిందని సంపాదకవర్గంవారు కోరినప్పుడు, నేను కందుకూరి వీరేశలింగం పంతులుగారిని గురించో, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. ఆ ఇద్దరికీ మన చెన్నపట్టణంతో గాఢమైన అనుబంధమే ఉంది. కాని నా మనస్సు మరొకరి వైపు మొగ్గింది. ఆమె తెలుగు వనిత కాదు, భారతీయురాలు కాదు. ఇటలీ దేశస్థురాలు. అయినా రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఈ నగరంలోనే, అడయారు నది ఒడ్డున, కొన్ని సంవత్సరాలు నివసించారు. ఇక్కడ కూర్చునే చేసిన ఉపన్యాసాలు తరువాత గ్రంథరూపం దాల్చి ప్రపంచమంతా వ్యాపించాయి. ఆమె పేరు నేడు వీధివీధినా పిల్లల బడుల బోర్డులమీద రంగురంగుల అక్షరాలలో కనబడుతూ ఉంటుంది. ఆ పేరుగల మనిషి ఎవరో, ఏం చేశారో తెలిసినవారు మాత్రం తక్కువ. ఆ బోర్డు ఉన్న బడిలో పిల్లవాణ్ణి చేర్చటానికి అయ్యే రుసుము ఎంతో మాత్రం అందరికీ తెలుసు.

పరిశోధన అనగానే మనకు గాజుగొట్టాలు, సూక్ష్మదర్శినులు, పెద్దపెద్ద కర్మాగారాలు గుర్తుకు వస్తాయి. నీటిని కలుషితం చేయని పరిశ్రమను రూపొందించటం, కట్టెలు తక్కువగా తినే పొయ్యిని కనిపెట్టటం సమాజానికి పనికివచ్చే పరిశోధనలని ఎవరైనా ఒప్పుకొంటారు. మూడేళ్ళ పసివాడు కూర్చునే గది కూడా అటువంటి ప్రయోగశాలే కాగలదని చేసి చూపించినవారు డాక్టర్ మరియా మాంటిస్సోరి.

ఆమె 1870 ఆగస్టు 31వ తేదీన ఇటలీ తూర్పు తీరాన అంకోనా నగరానికి సమీపంలోని కియారవల్లె అనే చిన్న పట్టణంలో జన్మించారు. ఆమె పుట్టిన మూడు వారాలకు రోము నగరం ఇటలీ రాజ్యంలో కలిసి ఆ దేశపు ఏకీకరణ పూర్తయింది. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగి. తల్లి రెనిల్డె చదువుమీద ఎంతో మక్కువ గలది. తండ్రికి బదిలీ కావటంతో 1875లో ఆ కుటుంబం రోముకు చేరింది.

ఆ కాలంలో చదువుకొన్న ఇటలీ యువతికి తెరచి ఉన్న మార్గం ఒక్కటే, ఉపాధ్యాయ వృత్తి. మరియా ఆ ఒక్కటీ తప్ప ఇంకేదైనా చేస్తానన్నారు. పదమూడవ ఏట మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరి, ఇంజనీరు కావాలని కొంతకాలం కలలు కన్నారు. తరువాత మనసు వైద్యవిద్య మీదకు మళ్ళింది. తండ్రికి ఇష్టం లేదు. తల్లి కుమార్తె పక్షాన నిలిచింది. 1890లో రోము విశ్వవిద్యాలయంలో ప్రకృతిశాస్త్రాల తరగతిలో ప్రవేశించి, ఆ పరీక్షలు నెగ్గి, 1893లో వైద్యవిద్యలో చేరారు. మగ విద్యార్థుల సమక్షంలో స్త్రీ నగ్నదేహాన్ని చూడటం మర్యాద కాదని, శవపరీక్ష పాఠాలను ఆమె సాయంకాలం అందరూ వెళ్ళిపోయిన తరువాత ఒంటరిగా చేసికోవలసి వచ్చింది. 1896లో పట్టభద్రురాలయ్యారు. ఇటలీలో వైద్యపట్టం పొందిన మొట్టమొదటి మహిళ ఆమేనని చాలాచోట్ల వ్రాస్తారు. అది నిజం కాదు. తొలి కొద్దిమందిలో ఒకరు అనటమే సబబు. అదే సంవత్సరం బెర్లిన్‌లో జరిగిన మహిళా మహాసభకు ఇటలీ ప్రతినిధిగా వెళ్ళి, సమానమైన పనికి స్త్రీలకు సమానమైన వేతనం ఇవ్వాలని వాదించారు.

ఉపాధ్యాయ వృత్తి వద్దని పారిపోయిన ఆమెను విధి చుట్టుతిప్పి ఆ వృత్తిలోకే తీసికొని వచ్చింది. రోములోని మానసిక చికిత్సాలయంలో సహాయ వైద్యురాలిగా పనిచేస్తూ, రోగుల ఎంపిక కోసం ఆమె పిచ్చాసుపత్రులకు వెళ్ళేవారు. ఆ రోజులలో బుద్ధిమాంద్యం గల పిల్లలను కూడా పెద్దవారైన ఉన్మాదులతో కలిపి అక్కడే ఉంచేవారు. ఒకచోట ఆ పిల్లలు భోజనం కాగానే నేలమీద పడిన రొట్టె తునకల కోసం పాకులాడుతున్నారని, వారికి ఎంత పెట్టినా ఆశ తీరదని అక్కడి ఆయా అసహ్యించుకొన్నదట. మాంటిస్సోరి ఆ గదిని చుట్టూ చూశారు. నాలుగు గోడలు తప్ప అందులో ఏమీ లేదు. చేత పట్టుకొని చూడటానికి, తిప్పటానికి, కలపటానికి ఒక్క వస్తువు లేదు. ఆ పిల్లల ఆకలి కడుపుకు సంబంధించినది కాదు, చేతులకు సంబంధించినది. ఆ రొట్టె తునకలు వారి ఆటవస్తువులు.

ఆ సంఘటన ఆమెను గ్రంథాలయానికి నడిపించింది. ఫ్రాన్సు దేశంలో అడవిలో దొరికిన బాలునికి విద్య నేర్పటానికి ప్రయత్నించిన వైద్యుడు ఇటార్, ఆయన శిష్యుడైన సెగెన్ వ్రాసిన గ్రంథాలు అప్పటికి మరుగున పడి ఉన్నాయి. వాటిని ఆమె చదివి, ఆ తరువాత ఒక్కొక్క మాట అర్థం తూచుకొంటూ స్వహస్తాలతో ఇటాలియన్ భాషలోకి వ్రాసికొన్నారు. 1900లో రోములో బుద్ధిమాంద్యం గల పిల్లల బోధనకై ఒక సంస్థ ఏర్పడగా దానికి సహసంచాలకులయ్యారు. ఉదయం ఎనిమిది మొదలు రాత్రి ఏడు గంటల వరకు తామే పిల్లల మధ్య ఉండి పాఠం చెప్పేవారు. రాత్రిళ్ళు ఆనాటి గమనికలన్నీ వ్రాసికొని, పోల్చి చూసి, మరునాటికి ఉపకరణాలను మార్చేవారు. ఆ పిల్లలలో కొందరు చదవటం, వ్రాయటం నేర్చుకొని మామూలు పిల్లలతోపాటు పరీక్షకు కూర్చుని నెగ్గారని ఆమె వ్రాశారు. లోకం దానిని అద్భుతమని కొనియాడింది. ఆమెకు మాత్రం వేరే ప్రశ్న పుట్టింది. తన పిల్లలు ఇంత పైకి రాగలిగినప్పుడు, ఆరోగ్యవంతులైన పిల్లలు మామూలు బడులలో అంత తక్కువ స్థాయిలోనే ఎందుకు ఉండిపోతున్నారు?

ఆమె వ్యక్తిగత జీవితంలోని కఠినమైన అధ్యాయాన్ని ఇక్కడ దాటవేయటం న్యాయం కాదు. తోటి వైద్యుడైన జ్యూసెప్పె మొంతెసానోతో ఏర్పడిన అనుబంధం వలన 1898లో ఆమెకు మారియో అనే కుమారుడు కలిగాడు. వివాహం జరగలేదు. ఆనాటి సమాజంలో ఆ సంగతి బయటపడితే ఆమె వైద్యవృత్తి, ఉద్యోగం రెండూ ఆనాటితో ముగిసేవి. బిడ్డను రోముకు వెలుపల ఒక పల్లెలో పాలిచ్చి పెంచే దాది ఇంట ఉంచారు. 1901లో మొంతెసానో మరొకరిని వివాహమాడటంతో ఆమె ఆ సంస్థను విడిచి వచ్చారు. లోకంలోని పిల్లలందరి కోసం పాటుపడిన ఆమె తన బిడ్డను అప్పుడప్పుడు వెళ్ళి చూసి రావటంతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. తల్లి మరణించిన తరువాత, 1913లో, పదిహేనేళ్ళ మారియోను తన దగ్గరకు తెచ్చుకొన్నారు. ఆపైన కూడా చాలాకాలం అతణ్ణి మేనల్లుడనే పరిచయం చేసేవారు. ఆమె మీద మనం వ్రాసే ప్రశంసలన్నిటి వెనుకా ఆ పల్లెలో పెరిగిన పిల్లవాడు ఉన్నాడన్న సంగతి నేను మరచిపోలేను.

సంస్థను విడిచిన తరువాత ఆమె మళ్ళీ విద్యార్థినిగా మారి తత్త్వశాస్త్రం, మనస్తత్త్వశాస్త్రం చదువుతూ ప్రాథమిక పాఠశాలలకు వెళ్ళి వెనుక నిలబడి చూసేవారు. ఆ కాలంలో విద్యలో విజ్ఞానశాస్త్రం ప్రవేశించిందని అందరూ గర్వపడుతూ ఉండేవారు. ఆ గర్వానికి గుర్తు బల్ల. గంటల తరబడి కదలకుండా కూర్చొన్నందువల్ల పిల్లల వెన్నెముక వంగిపోతూ ఉన్నదని తేలగా, శాస్త్రజ్ఞులు కొలతలు తీసి, లెక్కలు కట్టి, వెన్ను వంగకుండా కూర్చోబెట్టే బల్లను తయారు చేశారు. మాంటిస్సోరి వేసిన ప్రశ్న తేలికైనది. వెన్ను వంగుతున్నది పిల్లవాణ్ణి కదలనివ్వకపోవటం వల్ల అయినప్పుడు, చేయవలసింది కదలనివ్వటమా, కదలకున్నా వంగని బల్లను కనిపెట్టటమా? నాకు ఆమె జీవితంలో మిక్కిలి నచ్చిన ఘట్టం ఇదే. శాస్త్రం ఎంత ఉన్నా, దానిని ఎవరి మేలుకోసం, ఏ ప్రశ్నకు జవాబుగా వాడుతున్నామో చూసుకోకపోతే అది చక్కని బల్లలనే తయారుచేస్తూ ఉంటుంది.

ఆ ప్రశ్నకు జవాబు వెదికే అవకాశం ఆమెకు విశ్వవిద్యాలయంలో దొరకలేదు. రోములోని సాన్ లొరెంజో అనే మురికివాడలో దొరికింది. అక్కడ ఇళ్ళు కట్టే వ్యాపారం కొంతకాలం జోరుగా సాగి, హఠాత్తుగా కుప్పకూలటంతో సగం కట్టిన భవనాలు అలాగే నిలిచిపోయాయి. వాటిలోకి కూలీలు, నిరుద్యోగులు, జైలు నుండి విడుదలైనవారు చేరారు. ఎడ్వర్డో తలామో అనే ఇంజనీరు నాయకత్వాన ఒక భవన సంస్థ ఆ కట్టడాలను కొని బాగుచేసి కుటుంబాలకు అద్దెకు ఇచ్చింది. తల్లిదండ్రులు కూలికి వెళ్ళగా, బడి ఈడు రాని పిల్లలు మెట్లమీద పరుగెత్తుతూ కొత్తగా వేసిన సున్నపు గోడలను గీకి పాడుచేస్తూ ఉండేవారు. గోడల మరమ్మతుకు అయ్యే ఖర్చుతో ఒక గది ఇచ్చి, పిల్లలను చూసుకొనే మనిషిని పెట్టడం మేలని ఆ సంస్థ లెక్క వేసింది. సమాజసేవ అంతా ఉదాత్తమైన ఆశయాలతోనే మొదలు కానక్కరలేదు. సున్నం ఖర్చుతో కూడా మొదలు కావచ్చు.

1907 జనవరి 6వ తేదీన, మార్సీ వీధిలోని 58వ నంబరు భవనంలో ఆ గది ప్రారంభమైంది. దానికి బాలల ఇల్లు అన్న పేరు వచ్చింది. సుమారు యాభైమంది పిల్లలు చేరారు. ఏడుపుమొగాలతో, బెదురు చూపులతో వచ్చారు. వారిని చూసుకోవటానికి నియమించిన స్త్రీ శిక్షణ పొందిన ఉపాధ్యాయిని కాదు. అదే మేలయిందని మాంటిస్సోరి భావించారు. ఎందుకంటే మాన్పించవలసిన పాత అలవాట్లు ఆమెకు లేవు. తల్లిదండ్రులకు రుసుము లేదు గాని నియమాలు ఉన్నాయి. పిల్లలను శుభ్రంగా పంపాలి, వారానికి ఒకసారి తల్లి వచ్చి ఉపాధ్యాయినితో మాట్లాడాలి.

బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం తయారుచేసిన ఉపకరణాలను మాంటిస్సోరి ఈ గదికి తెచ్చి ఏం జరుగుతుందో చూడసాగారు. ఒక కొయ్య దిమ్మెలో పది గుంటలు, వాటిలో ఇమిడే పది గుండ్రని కొయ్యముక్కలు. ఒక్కొక్కటి ఒక్కొక్క పరిమాణం. తప్పు గుంటలో పెడితే చివరకు ఒకటి మిగిలిపోతుంది. తప్పును ఉపాధ్యాయిని ఎత్తిచూపనక్కరలేదు, కొయ్యముక్కే చూపుతుంది. మూడేళ్ళ పాప ఒకతె ఆ ముక్కలను తీయటం, కలపటం, మళ్ళీ పెట్టడంలో మునిగిపోయింది. పాప కూర్చున్న కుర్చీని ఎత్తి బల్లమీద పెట్టారు. ఆమె దిమ్మెను ఒళ్ళో పెట్టుకొని పని సాగించింది. చుట్టూ పిల్లలచేత పాటలు పాడించారు. తల ఎత్తలేదు. లెక్కపెట్టగా ఆ పాప నలభై నాలుగుసార్లు ఆ పని చేసి, అలసట లేకుండా, నిద్రలేచినట్లు తేటగా ముఖమెత్తి చుట్టూ చూసింది. పసిపిల్లలకు ఏకాగ్రత ఉండదని పుస్తకాలన్నీ చెబుతూ ఉన్న కాలమది.

మరొకనాడు ఉపాధ్యాయిని ఆలస్యంగా వచ్చింది. ముందురోజు బీరువాకు తాళం వేయటం మరచిపోయింది. వచ్చి చూసేసరికి పిల్లలు తమకు కావలసిన వస్తువులను తీసికొని పనిలో ఉన్నారు. ఆమె దానిని దొంగతనమని భావించి కోప్పడబోయింది. మాంటిస్సోరికి అందులో వేరే సంగతి తోచింది. పిల్లలకు ఏ వస్తువు ఎక్కడ ఉంటుందో తెలిసిపోయింది, తమకు ఏది కావాలో ఎంచుకోవటం కూడా తెలిసిపోయింది. ఆనాటి తరువాత ఎత్తైన బీరువా పోయి, పిల్లల చేతికి అందే పొట్టి అరలు వచ్చాయి. ఖరీదైన బొమ్మలను ఎవరూ ముట్టకపోవటంతో వాటిని తీసివేశారు. బహుమతులు, పతకాలు కూడా పోయాయి. పిల్లలకే వాటిమీద ఆసక్తి లేదని తేలింది. అంటే ఆ పద్ధతిలో ఏది ఉండాలో, ఏది పోవాలో నిర్ణయించినది పెద్దల సిద్ధాంతం కాదు, ఆ గదిలో ప్రతిరోజూ జరిగిన పరిశీలన.

ఈ బీరువా కథ మొదటిసారి చదివినప్పుడు నేను సిగ్గుపడ్డాను. ఉపాధ్యాయ శిక్షణ ముగించి నేను తొలిసారి పనిచేసిన బడిలో బోధనోపకరణాలన్నీ ఒక ఇనుప బీరువాలో ఉండేవి. తాళంచెవి నా దగ్గరే. పర్యవేక్షణకు అధికారులు వచ్చేరోజున బీరువా తెరచి, పూసల చట్రం, అట్టముక్కల అక్షరాలు బల్లమీద పేర్చి, వారు వెళ్ళగానే లెక్కచూసి మళ్ళీ లోపల పెట్టేదాన్ని. ఒక్క వస్తువు కూడా పోలేదని నాకు మంచి పేరు వచ్చింది. పిల్లలు వాటిని తాకలేదు గనుకనే అవి పోలేదన్నది ఆ రోజులలో నాకు తట్టలేదు.

బాలల ఇంటికి లోకప్రఖ్యాతి తెచ్చినది పిల్లల వ్రాత. ఆరేళ్ళు నిండనివారికి అక్షరాలు నేర్పరాదని మొదట మాంటిస్సోరి కూడా అనుకొన్నారు. నిరక్షరాస్యులైన తల్లులు వచ్చి తమ పిల్లలకు చదువు చెప్పవలసిందిగా బ్రతిమాలారు. ఆమె వ్రాయటమనే పనిని విడదీసి చూశారు. అందులో రెండు వేరువేరు నేర్పులు ఉన్నాయి. ఒకటి కలం పట్టి చేయి అదుపులో ఉంచుకోవటం, రెండవది అక్షరం ఆకారం తెలియటం. మొదటిదాని కోసం లోహపు అచ్చుల అంచు వెంబడి గీత గీసి లోపల రంగు గీతలు నింపే పని ఇచ్చారు. రెండవదాని కోసం వడ్రంగులు వాడే గరుకు కాగితాన్ని అక్షరాలుగా కత్తిరించి నున్నని అట్టలమీద అతికించారు. పిల్లలు అక్షరం పలుకుతూ దానిమీద వ్రేలు నడిపేవారు. ఈ రెండింటినీ ఎవరూ కలపలేదు. ఆ సంవత్సరం డిసెంబరు నెలలో ఒక ఎండపూట మేడమీద కూర్చొని ఉండగా, ఒక బాలుణ్ణి పొగగొట్టం బొమ్మను సుద్దముక్కతో వేయమన్నారు. బొమ్మ వేసిన బాలుడు ఒక్క క్షణం ఆగి, తనకు వ్రాయటం వచ్చిందని కేకవేసి, నేలమీద మాట వెంట మాట వ్రాసుకొంటూ పోయాడు. మిగిలినవారూ సుద్దముక్కల కోసం ఎగబడ్డారు. కొద్దిరోజులలో గోడలు, తలుపులు, ఇంట్లో రొట్టెలు కూడా అక్షరాలతో నిండిపోయాయట.

మనవారు పళ్ళెంలో బియ్యం పోసి పిల్లవాని వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించే ఆచారాన్ని, వీధిబడులలో ఇసుకమీద అక్షరాలు దిద్దించిన పద్ధతిని ఎరిగినవారికి ఆ గరుకు కాగితపు అక్షరాలు కొత్తగా అనిపించవు. వ్రేలి స్పర్శకు ఉన్న శక్తి మన పెద్దలకు తెలుసు. అయితే వ్రేలు తిరిగినంతమాత్రాన కలం తిరగదనీ, ఆ రెండూ విడివిడిగా పండి కలవాలనీ పరీక్షించి చూసినది ఆమె.

1909లో ఆమె తన పద్ధతిని వివరిస్తూ గ్రంథం ప్రచురించారు. 1912లో దాని ఆంగ్లానువాదం వెలువడింది. దేశదేశాల నుండి ఉపాధ్యాయులు రోముకు రాసాగారు. 1913లో అమెరికాలో ఆమెకు మహారాణికి చేసినట్లు స్వాగతం పలికారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో గాజుగోడల తరగతి గదిని నెలకొల్పగా జనం బయట కూర్చొని పిల్లలు పనిచేసుకోవటాన్ని చూశారు. ఆ దశాబ్దం కథంతా ప్రయాణాలు, సత్కారాలు, శిక్షణ తరగతులతో నిండినది. దానిని వివరించనక్కరలేదు.

చెప్పవలసినది వేరే ఉంది. ఆ పాటికే ఆమె వైద్యవృత్తిని, విశ్వవిద్యాలయపు ఉపన్యాసక పదవిని విడిచిపెట్టారు. తలామోతో అభిప్రాయభేదాలు వచ్చి సాన్ లొరెంజోకు దూరమయ్యారు. శిక్షణ తరగతుల రుసుము, గ్రంథాలు, ఉపకరణాల మీద వచ్చే ఆదాయమే ఆమెకు జీవనాధారమైంది. అందువల్ల తన పద్ధతిలో ఎవరు ఏ మార్పు చేసినా ఒప్పుకొనేవారు కాదు. తన దగ్గర శిక్షణ పొందినవారు ఇతరులను శిక్షణ ఇచ్చి తయారుచేయటానికి కూడా అనుమతి ఉండేది కాదు. 1914లో అమెరికా విద్యావేత్త విలియం కిల్పాట్రిక్ ఆ పద్ధతిలో కల్పనాశక్తికి చోటు చాలదనీ, ఆధారమైన మనస్తత్త్వ సిద్ధాంతం పాతబడినదనీ విమర్శిస్తూ పుస్తకం వ్రాశాడు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే అమెరికాలో ఆ ఉత్సాహం చప్పబడి, తిరిగి 1960 ప్రాంతాలలో గాని లేవలేదు. నలుగురి చేతులలో పడి మారటానికి ఆమె తన పద్ధతిని వదిలి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. ప్రతిరోజూ పరిశీలించి మార్చటం ద్వారా పుట్టిన పద్ధతి, పుట్టిన కొద్దికాలానికే మార్చరానిదిగా తయారయింది. పేదల మురికివాడలో పుట్టినది కూడా, అనుమతి పొందినవారు తయారుచేసే ఖరీదైన ఉపకరణాల వల్ల, ఉన్నవారి పిల్లల చదువుగా మారింది. కాని భర్త, ఆస్తి, ఉద్యోగం ఏవీ లేని ఒక స్త్రీ తన పరిశోధన ఫలం మీదనే బ్రతకవలసి వచ్చినప్పుడు దానిని గుప్పిట పట్టుకోకుండా ఉండగలదా అని కూడా ఆలోచించాలి.

ముసోలినీతో సంబంధం మరొక నొప్పి కలిగించే సంగతి. 1924లో ఆయన ఆమెను పిలిపించి ఆదరించాడు. ప్రభుత్వం ఆమె బడులకు అండగా నిలిచింది. చిన్నవయసులోనే చదవటం నేర్చే క్రమశిక్షణ గల పిల్లలు ఆ నియంతకు నచ్చారు. తమంతట తాము ఆలోచించి ఎంచుకొనే పిల్లలు అతనికి పనికిరారన్న సంగతి ఇద్దరూ గ్రహించటానికి పది సంవత్సరాలు పట్టింది. 1934లో ఆమె ఆ ప్రభుత్వంతో తెగతెంపులు చేసికొన్నారు. ఇటలీలో ఆమె బడులు మూతపడ్డాయి. జర్మనీలో నాజీలు కూడా అదే పని చేశారు. ఆమె బార్సిలోనాలో ఉండగా 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం చెలరేగింది. అక్కడి నుండి హాలెండు చేరారు.

1931 అక్టోబరులో గాంధీ మహాత్ముడు లండనులో ఆమెను కలిసికొన్నారు. ఆమె శిక్షణ కళాశాలలో ప్రసంగిస్తూ ఆయన, ఇటువంటి విద్య సంపన్నుల పిల్లలకే గాక నిరుపేదల బిడ్డలకు కూడా అందాలన్న ఆకాంక్షను వెల్లడించారు. మురికివాడలో మొదలైన పనికి ఆ మాట గుర్తుచేయవలసి రావటమే విచిత్రం.

ఎనిమిదేళ్ళ తరువాత, 1939 నవంబరులో, దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షులు జార్జి అరండేల్ ఆహ్వానం మీద అరవై తొమ్మిదేళ్ళ వయసులో ఆమె మారియోతో కూడి మద్రాసుకు వచ్చారు. అడయారులో తాటాకు పాకలు వేసి శిక్షణ తరగతులు నడిపారు. దేశం నలుమూలల నుండి మూడువందలమందికి పైగా ఉపాధ్యాయులు వచ్చారు. ఆమె తెల్లని దుస్తులలో కూర్చొని ఇటాలియన్ భాషలో ఉపన్యసించగా మారియో ఆంగ్లంలోకి అనువదించేవారు. కొద్ది నెలలలో తిరిగి వెళ్ళాలని వచ్చినవారు, యుద్ధం మూలంగా ఆరున్నర సంవత్సరాలకు పైగా ఇక్కడే ఉండిపోయారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగటంతో బ్రిటిష్ ప్రభుత్వం మారియోను శత్రుదేశీయుడిగా అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించింది. ఆమెను అడయారు ప్రాంగణం దాటరాదని ఆంక్షించింది. ఆ ఆగస్టు 31న ఆమె డెబ్బైయవ జన్మదినాన వైస్రాయి నుండి తంతి వచ్చింది. జన్మదిన కానుకగా ఆమె కుమారుణ్ణి ఆమెకు తిరిగి అప్పగిస్తున్నామన్నది దాని సారాంశం. అందులో కుమారుడన్న మాటే వాడారని అంటారు. నలభై రెండేళ్ళుగా మేనల్లుడుగానో, దత్తపుత్రుడుగానో చెలామణి అయిన మనిషిని ఒక ప్రభుత్వ తంతి కొడుకని పిలిచింది.

1942 నుండి రెండేళ్ళు కొడైకెనాల్ కొండలలో ఉండి, అక్కడ వేరువేరు వయసుల పిల్లలను ఒకేచోట చేర్చి నడిపిన చిన్న బడిలో మొక్కలు, జంతువులు, భూమి చరిత్ర వంటి విషయాలను పెద్దపిల్లలకు చెప్పే పద్ధతిని రూపొందించారు. మరోవైపు ఆమె దృష్టి మూడేళ్ళలోపు శిశువుల మీదకు మళ్ళింది. మన దేశంలో తల్లులు చంటిబిడ్డను చంకనెత్తుకొని బజారుకూ, బావికీ, పనికీ తీసికొని వెళ్ళటం ఆమెకు పాఠ్యగ్రంథమైంది. అలా లోకమధ్యంలో ఉన్న బిడ్డ ఏ గురువూ లేకుండా తన చుట్టూ వినబడే భాషను, దాని వ్యాకరణంతో సహా, తనలోకి పీల్చుకొంటాడనీ, పెద్దయిన తరువాత ఎంత శ్రమించినా ఏ భాషనూ ఆ విధంగా నేర్వలేమనీ ఆమె వివరించారు. ఈ ఉపన్యాసాలే 1949లో అడయారులో గ్రంథంగా వెలువడ్డాయి. తమిళం వినబడే వీధి నుండి వచ్చి, తెలుగు మాట్లాడే తల్లి ఒడి నుండి వచ్చి, మన శిశుతరగతి గడపలో నిలబడిన పిల్లవాణ్ణి చూసినప్పుడల్లా నాకు ఆ భాగం జ్ఞాపకం వస్తుంది. ఆ పిల్లవానికి రెండూ వచ్చు. ఏదీ రానివాడని మనమే అతని దరఖాస్తులో వ్రాసుకొంటాము.

ఆమె ఇక్కడ ఉన్న సంవత్సరాలలోనే, ఆమెకు దూరంగా, గాంధీజీ కోరిక మరొక చేతిలో రూపం దిద్దుకోసాగింది. గుజరాతులోని భావనగర్‌లో గిజుభాయి బధేకా మాంటిస్సోరి గ్రంథం చదివి 1920లో బాలమందిరం స్థాపించారు. ఆయన వద్ద పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామానికి, తరువాత కోస్‌బాడ్ కొండమీది వార్లీ గిరిజనుల మధ్యకు వెళ్ళారు. ఖరీదైన కొయ్య ఉపకరణాలకు బదులు గింజలు, గవ్వలు, ఆకులు, రాళ్ళు వాడారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వారి ముంగిటికి తీసికొని వెళ్ళారు. ముంగిలి అనే అర్థం గల అంగన్ అన్న మాట నుండి వచ్చినదే అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న కేంద్రప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని ప్రారంభించినప్పుడు ఆ పేరునే స్వీకరించింది. నేడు మనదేశంలో ఏ కుగ్రామంలోనైనా వినబడే ఆ మాటకు, సాన్ లొరెంజోలోని ఆ గదికి ఇంత దగ్గర చుట్టరికం ఉంది. మాంటిస్సోరి మార్చనివ్వని దానిని తారాబాయి మార్చారు. మార్చటంలో ఆమె మాంటిస్సోరికి నిజమైన శిష్యురాలిగా ప్రవర్తించారని నేను అనుకొంటాను.

ఆ పద్ధతి ఫలితాలను ఈ కాలపు శాస్త్రజ్ఞులు కూడా పరీక్షించారు. అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఒక ప్రభుత్వ మాంటిస్సోరి పాఠశాలలో సీట్లను చీటీలు వేసి ఇచ్చేవారు. చీటీ దక్కిన పిల్లలను, దక్కక వేరే బడులలో చేరినవారిని పోల్చి చూసిన అధ్యయనం 2006లో సైన్స్ పత్రికలో వెలువడింది. దక్కిన ఐదేళ్ళ పిల్లలు చదవటంలోను, లెక్కలలోను, తోటివారితో మెలగటంలోను ముందున్నారని తేలింది. ఆ పిల్లలు ఎక్కువమంది నగరం నడిబొడ్డున నివసించే పేదకుటుంబాలవారు.

1946లో ఆమె భారతదేశం విడిచి వెళ్ళి, మరుసటి సంవత్సరమే తిరిగి వచ్చి 1949 వరకు ఇక్కడా, సింహళంలో, పాకిస్తాన్‌లో శిక్షణ తరగతులు నడిపారు. ఇక్కడ ఉన్న కాలంలో ఆమె దగ్గర శిక్షణ పొందినవారు వేయిమందికి మించుతారు. 1949, 1950, 1951 సంవత్సరాలలో ఆమె పేరు నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించబడింది గాని ఆమెకు అది లభించలేదు. ఒకనాడు ఆమె బడులను మూసివేసిన ఇటలీ దేశమే 1990లో తన వెయ్యి లీరాల నోటుమీద ఆమె బొమ్మను ముద్రించింది. యూరో వచ్చేవరకు ఆ నోటు అక్కడి కూరగాయల అంగళ్ళలో, బస్సులలో చేతులు మారుతూ ఉండేది.

చివరి సంవత్సరాలు హాలెండులో గడిపారు. 1952 మే 6వ తేదీన సముద్రతీరంలోని నోర్డ్‌విక్ అనే ఊరిలో ఒక స్నేహితుని ఇంటి తోటలో కూర్చొని ఉన్నారు. ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టు దేశం, అనగా నేటి ఘనా, తన పాఠశాలలకు ఉపాధ్యాయులను తయారుచేసికోవాలని కోరుతున్న సంగతి ప్రస్తావనకు వచ్చింది. ఎనభై ఒక్క సంవత్సరాల ఆమె తాను వెళ్తానన్నారు. ఆరోగ్యం దృష్ట్యా అంత దూరం కూడదని మారియో వారించారు. తన అవసరం అందరికంటె ఎక్కువగా ఉన్న పిల్లలు అక్కడే ఉన్నారని ఆమె పట్టుబట్టారు. మారియో కొద్దిసేపు గదిలోకి వెళ్ళి తిరిగి వచ్చేసరికి ఆమె ప్రాణం పోయింది.